టార్చిలైటు

మేనల్లుడు జలంధర ఫోన్లో చూపించాడు
మరవిల్లు.
తుపాకీకి రెండు చేతులు మొలిచినట్టుంది.
మీట నొక్కితే చాలట. పైన దుర్భిణి,
అరడజను బాణాలు, భుజానికి పటకా,
నారికి రాసే మైనం డబ్బీ కూడా ఆ పెట్టెలోనే.
"పద్దెనిమిది వేలే మావా" అన్నాడు.
ఆ 'వేలే' అన్న మాటని నా జీతమంత పొడుగు లాగాడు.

నేను కాగితం మిల్లుకి వెదురు తోలేవాణ్ణి.
ఇరవై రెండేళ్ళుగా రాయగడ గేటు కాడ
కొండల్ని కాటా మీద పెట్టి తూస్తున్నాను.
గడ మీద చెయ్యేస్తే చెప్పగలను
ఏ వాలున పెరిగిందో, ఎన్ని వానలు తాగిందో.
అలాంటోణ్ణి, వీడి మొదటి విల్లుకి
గుణుపురం సంత మూడుసార్లు చుట్టాను.

బొంగు లేని గట్టి వెదురు కావాల.
కణుపులు దగ్గర దగ్గరగా ఉండాల.
లాగి పట్టుకోరా, అన్నాను. మూడు ఊపిర్లు.
మూడోదానికి మోచెయ్యి వణికితే అది నీది కాదు.
నాలుగు విళ్ళు వణికాయి.
అయిదోది పొట్టిది, వాడికి నామోషీ. అదే కొన్నాను.
అటక మీద మీ నాయన విల్లుందని తెలుసు.
దాని జోలికి పోకు.
పొగ తిని పెళుసెక్కింది,
చచ్చినోళ్ళ బలం తోటి లాగితే మన భుజం జారతాది.

నైలాను తాడొద్దు. వానకి సాగదు గానీ
తెగేముందు చెప్పదు.
వెదురు నారయితే చిటుక్కుమంటాది, ఒకరోజు ముందే.

ములుకులకి మా లారీ ఇనుమే ఇచ్చాను,
ముత్తాయి ఘాటీలో విరిగిన కమాను పట్టీ.
కమ్మరి దైతారి నవ్వాడు:
"కమానంటే విల్లే గదా, సొంతింటికే పోతోంది."
నాలుగు ములుకులు, రెండు మొద్దు బాణాలు పిట్టలకి.
ఈకలు పుంజువి. రెండూ ఒక రెక్కవే కట్టాల,
లేకపోతే గాలిలో బాణం తనతో తనే తగువాడతాది.
గద్ద ఈకలు మా తాతతోనే పోయాయి,
గద్దలు కూడా.

అడవిలో మాత్రం ఏటుందిలే.
చైత్రంలో పండగని పేరు, డప్పుతో ఎక్కి
తేనెపట్టు చూసుకుని దిగొచ్చేస్తున్నారు.
గార్డు ఆపితే పండగ విల్లని చెప్పు.
సగం నిజమే.

ఆనపబుర్రలో అంబలి, కత్తి, చింతపండు ఉప్పు,
అన్నీ సంచీలో సర్ది ఆఖర్న టార్చిలైటు పెట్టాను.
"వేట పగలే కదా మావా?"

పదిహేనేళ్ళప్పుడు నేనూ పగలే వేశాను.
కొండగొర్రె. గుండెకి గురి పెడితే కడుపుకి దిగింది.
అది పడలేదు. నడిచింది.
నెమ్మదిగా, ఏదో మర్చిపోయి వెనక్కి వెళ్తున్నదానిలా.
అడ్డాకు మీద ఒక చుక్క, రాయి మీద ఇంకొకటి.
గెడ్డ దాటాక చీకటి పడింది.
కూత వినబడతానే ఉంది, దూరం కూడా కాదు.
నేను తిరిగొచ్చేశాను.

ఊరి మొగన ఆడోళ్ళు పేడనీళ్ళ కుండలతో కాసుక్కూర్చున్నారు,
ఉత్త చేతులోళ్ళ కోసం.
"తగిలిందేట్రా?" అంది మీ అమ్మ, అప్పటికింకా గౌన్లో ఉంది.
తగల్లేదన్నాను.
కుండ నెత్తిన కుమ్మరించి ఒకటే నవ్వడం.
నిలబడి పోయించుకున్నాను.
చేతికి అంటిన నెత్తురు కూడా
అందులోనే కొట్టుకుపోయింది, ఎవరూ చూళ్ళేదు.

ఇదంతా వాడికి చెప్పానా?
చెప్పలేదు.
వేసినదాని వెనకాల ఎంతసేపైనా నడవాలిరా,
దానికే ఈ లైటు, అన్నాను. అంతే.

వాడు బొత్తాం నొక్కాడు. ఆర్పాడు. మళ్ళీ నొక్కాడు.
పట్టపగలు సంతలో
ఉల్లిపాయల రాశి మీద పల్చటి వెలుతురు పడి పోయింది.
"బేటరీలు పాతవా మావా?"
కొత్తవేరా.
పొద్దున్నే వేశాను.